మా యింటి రంపపు యంత్రము

ఊరగాయలు, పసిబిడ్డల పెంపకము, కుట్టుపనులు, నోములు మొదలగువానికి నెలవైన ఈ పుటలయందు పెట్రోలుతో నడచు రంపమును గూర్చి వ్రాయబూనుట కొందరికి వింతగా తోపవచ్చును. వ్రాయువారు కూడ ఒకరు కాదు, ఇద్దరము. అనకాపల్లికి సమీపమున, శారదానదికి చేరువనున్న ఒక పల్లెలో, ఒకే కప్పు క్రింద కాపురముండు తోడికోడండ్రము. ఒకరు చెప్పుచుండగా నొకరు వ్రాయుచున్నాము. ఇద్దరికిని మాట కుదరనిచోట అత్తగారి నడిగి నిశ్చయించుకొన్నాము.

మొన్న మా ఆడపడుచు చోడవరమునుండి చుట్టపుచూపుగా వచ్చి, మాటలలో, తమ జీడితోటలో కొమ్మలు నరుకు రంపము చెడినదనియు, త్రాడెంత లాగినను స్పార్కు రాకున్నదనియు, కొత్త కాయిలు వేయింపవలెనని ఎవరో చెప్పిరనియు నిట్టూర్చినది. మేమిద్దర మొకరి మొగమొకరము చూచుకొని నవ్వితిమి. తన నష్టమునకు మేము నవ్వితిమని ఆమె కలిగినది. ఆ యలుక తీర్చుటకై ఆ రాత్రి అరుగుమీద కూర్చుండి చెప్పినదే ఈ కథ. విని, “ఇది పత్రికకు వ్రాయరాదా?” అనినదియు ఆమెయే.

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేది ఆదివారము. హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణము నొద్ద తీరము దాటిన దినము. ఆ పేరు ఒమను దేశమువారు సూచించినదట. అది యొక పక్షి పేరు. తలపై విసనకఱ్ఱ వంటి కుచ్చు గలిగి పెరటిలో నేలను పొడుచుకొనుచు తిరుగు కూకుడుగువ్వయే అది. అంత ముద్దులొలుకు పిట్ట పేరు అంతటి గాలికి పెట్టుట మా అత్తగారికి నేటికిని సమ్మతము కాదు. గంటకు 170, 180 కిలోమీటర్ల వేగముతో గాలి వీచినదని పిదప లెక్కలు చెప్పినవి. ఆ దినమున మాకు లెక్క లేమియు తెలియవు. తలుపునకు రోలు అడ్డుపెట్టి, పిల్లలను మంచము క్రిందికి తోసి, పెంకులు ఒక్కొక్కటిగా లేచిపోవుచుండగా ఆ చప్పుడు వినుచు కూర్చుంటిమి.

సోమవారము తెల్లవారునప్పటికి ఊరు మా ఊరు వలె లేదు. చెరకుతోటలు చాప పరచినట్లు పడిపోయినవి. బెల్లమునకు పేరుగన్న సీమ మాది. పుష్యమాఘములలో పెనములో కాగవలసిన పానకము ఆశ్వయుజములోనే బురదపాలయినదని పెద్దలు తల పట్టుకొని కూర్చుండిరి. విద్యుత్తు లేదు, సెల్‌ఫోనులు మూగవోయినవి. అప్పటికి అనకాపల్లి వేరు జిల్లా కాలేదు, 2022లో గదా యైనది. విశాఖపట్టణమే చీకటిలో మునిగియుండగా మా పల్లెను పలుకరింపవచ్చువా రెవరు?

మా సందు మొగలో నుండిన చింతచెట్టు వేళ్ళతోకూడ పెల్లగిలి సందునకు అడ్డముగా పడినది. దాని మ్రాను ఒక మనిషి కౌగిలికి అందదు. దానికి లోపలివైపున ఆరు ఇండ్లు చిక్కుకొన్నవి. చివరి యింటిలో ఒక అమ్మాయి పురిటికి పుట్టింటికి వచ్చియుండెను. నెలలు నిండినవి. తొలికాన్పు ఆపరేషనుతో నైనందున, రెండవది ఇంటివద్ద జరుగరాదనియు, నొప్పులు తోచగనే ఆసుపత్రికి తేవలెననియు వైద్యులు గట్టిగా చెప్పియుండిరి. ఇండ్ల వెనుక మోకాటిలోతు నీరు నిలిచిన పొలములు, ముందు ఈ చింతమ్రాను. మంచముమీద మోసికొనిపోదమన్నను మ్రాను నెక్కి దిగవలెను. నిండుచూలాలిని ఆ కొమ్మలలోనుండి ఎట్లు దాటింతురు? ఆ తల్లి పూటకొకసారి మా గడపకు వచ్చి, “ఏటమ్మా, సెట్టు ఎప్పుడు తీత్తారు?” అని అడిగి పోవుచుండెను.

మా యింట పెట్రోలు రంపమొకటి యున్నది. మామిడిచెట్ల ఎండుకొమ్మలు తీయుటకు మా యింటి చిన్నవారు నాలుగేండ్ల క్రిందట కొనినది. (పెద్దవారు విశాఖపట్టణమున నుద్యోగములో నుందురు, తుఫాను దినమున అక్కడనే చిక్కుకొనిరి. కమతము చిన్నవారే చూచుకొందురు.) సోమవార మంతయు ఆ రంపముతో ఆయన చిల్లర కొమ్మలు కోసిరి. మంగళవారము ఉదయము ఒక పావుగంట నడచినదో లేదో, ఠక్కున ఆగిపోయినది. త్రాడు లాగి లాగి ఆయన అరచేయి పొక్కినది. సైకిలుమీద యంత్రమును కట్టుకొని, పడిన చెట్లమీదుగా దానిని ఎత్తుకొనుచు పట్టణమునకు పోయి, యంత్రములు బాగుచేయు ఒకాయనకు చూపించిరి. ఆ దినమున ఆయన కొట్టుముందు జనరేటర్లు, నీటిపంపులు గుట్టలుగా పడియున్నవట. మూత విప్పి చూచుటకు తీరిక ఏది? రెండుసార్లు త్రాడు లాగి, “కాయిలు పోనాదండి. కొత్తది విశాపట్నం నుంచి రావాల. ఎప్పుడొత్తాదో సెప్పలేను,” అని పంపివేసెను. ఆయనను మేము నిందింపము. ఆ గుట్టలో మా యంత్రము నలుబదియవదో యేబదియవదో.

చిన్నవారు మధ్యాహ్నమునకు తిరిగివచ్చి, యంత్రమును అరుగుమీద పెట్టి, మాటాడక గొడ్డలి తీసికొని చెట్టువద్దకు పోయిరి. చింత కఱ్ఱ ఎట్టిదో మన వంటయిండ్లకు తెలియును. మాంసము కొట్టు మొద్దులు, రోకళ్ళు దానితోనే గదా చేయుదురు. గొడ్డలి వేటు వేసిన ఠంగుమని తిరిగి వచ్చుచుండెను. కూలీలు పట్టణములో కరెంటు స్తంభములు ఎత్తుటకు పోయిరి. జేసీబీలన్నియు జాతీయ రహదారిమీద నున్నవి.

మేమిద్దరము ఆ యంత్రమువైపు చూచుచు కొంతసేపు నిలిచితిమి.

మాలో పెద్దది అంగన్‌వాడీలో పనిచేయును. పండ్రెండేండ్లుగా పాతమోపెడుమీద మూడూళ్ళు తిరుగును. ఆ మోపెడు నడిరోడ్డున ఆగిపోయిన ప్రతిసారియు ప్లగ్గు విప్పి ఉప్పుకాగితముతో రుద్ది మరల బిగించుకొనుట ఆమెకు అలవాటు. “రంపమైనను మోపెడైనను లోపలి యింజనుది ఒకటే పోకడ గదా. విప్పి చూతమా?” అనినది. అత్తగారు వెంటనే లేచిరి. “ఓలమ్మీ, మీకేటి పిచ్చేటి? ఏళ్ళు తెగ్గొట్టుకుంటే పిల్లల్ని ఎవుడు సూత్తాడు?” ఆ భయము అకారణము కాదు. అందుచేత మొదట గొలుసుమీద దాని తొడుగు వేసి, గొలుసును పట్టి నిలుపు బ్రేకును ముందునకు నెట్టి, పెట్రోలు డబ్బాను పెరటిలోనికి పంపి, వంటయింట పొయ్యి ఆర్పించితిమి. పొయ్యిమీద అప్పుడే ఉడుకుపట్టిన పప్పు ఆ రాత్రివరకు ఉడుకలేదు. ఈ విషయము అత్తగారు మరువలేదు.

ప్లగ్గు విప్పిన తోడనే ఒక సంగతి తెలిసినది. దాని కొన తడిగానుండి గుప్పున పెట్రోలు వాసన కొట్టినది. గాస్ స్టవ్వు త్రిప్పితిమి, వాసన వచ్చినది, అగ్గిపుల్ల వెలుగలేదు, అట్టిదే ఇదియు. చమురు అందుచున్నది, నిప్పు లేదు. కొన పొడిగా నుండియున్నచో స్పార్కును వెదకక చమురు వచ్చు దారిని వెదకవలెను. ఈ యొక్క చూపుతో సగము పని తగ్గును.

తరువాత మోపెడును అరుగువద్దకు తెచ్చితిమి. మోపెడు నడచుచున్నది గనుక దాని వైరు మంచిది, దాని ప్లగ్గు మంచిది. రంపపు ప్లగ్గును మోపెడు వైరునకు తగిలించి, ప్లగ్గు లోహపుభాగమును ఇంజనున కానించి పట్టుకొని కిక్కు కొట్టితిమి. ఎండలో స్పార్కు కంటికి కనబడదు. అందుచే ఇద్దరము తలలమీద దుప్పటి కప్పుకొని చూచుచుంటిమి. వీధిలో పోవువారు ఏమనుకొనిరో! మాలో చిన్నదాని చేయి తడిగా నుండెను. ప్లగ్గును వ్రేళ్ళతోనే పట్టుకొన్నది. కిక్కు కొట్టగనే మోచేతివరకు గుదియతో మోదినట్లు దెబ్బ తగిలి, “అమ్మో!” అని దుప్పటితోసహా వెనుకకు పడినది. నీలిరవ్వ మాత్రము స్పష్టముగా కనబడినది. ఆ దెబ్బ ఆరోగ్యవంతులకు కేవలము నొప్పియే కాని, గుండెలో పేస్‌మేకరు గలవారు ఈ పనికి దూరముగా నుండవలెను. పిడులకు రబ్బరు తొడుగున్న పట్టకారు ఇంట నుండగా దానిని వాడక పోవుట మా తెలివితక్కువ.

ఇంతకు రంపపు ప్లగ్గు మంచిదే. ఇప్పుడు మార్చి, మంచిదని తెలిసిన మోపెడు ప్లగ్గును రంపపు వైరునకు తగిలించి, పట్టకారుతో పట్టి, ప్లగ్గు ఉండవలసిన రంధ్రమునకు దూరముగా లోహమున కానించి త్రాడు లాగితిమి. (ఆ రంధ్రమునుండి పెట్రోలు ఆవిరి చిమ్మును, అక్కడ రవ్వ రాలిన ముఖమునకే మంట.) పదిసార్లు లాగితిమి. చీకటి తప్ప ఏమియు కానరాలేదు. కావున లోపము ప్లగ్గునకు వెనుకనే యున్నది. పట్టణమునందలి ఆయన మాటయే నిజమేమో యని మనసు క్రుంగినది.

బాటరీ లేని ఈ యంత్రమునకు విద్యుత్తు ఎక్కడిదని మాలో చిన్నది అడిగినది. త్రాడు లాగినపుడు తిరుగు చక్రపు అంచున అయస్కాంతములు పొదిగియుండును. వానికెదురుగా ఇనుప కాళ్ళ నడుమ కాయిలు కూర్చుండును. అందులో రెండు తీగలు చుట్టియుండును: ఒకటి లావుపాటిది, కొద్ది చుట్లు, మరొకటి వెండ్రుకవంటిది, వేలకొలది చుట్లు. అయస్కాంతము దాటిపోవునపుడు లావుతీగలో విద్యుత్తు పుట్టును. దానిని సరియైన క్షణమున తటాలున తెంపినచో సన్నతీగలో పదివేల వోల్టులకు మించిన ఒత్తిడి లేచి, ప్లగ్గు కొననున్న అర మిల్లీమీటరు సందును దూకును. ఆ దూకుటయే నిప్పురవ్వ. జర్మనీలో రాబర్టు బాష్ గారి కర్మాగారమున గాట్‌లోబ్ హోనోల్డ్ అను ఇంజనీరు 1902లో ఇట్టి మాగ్నెటోను సిద్ధము చేసెను. పూర్వము ఆ తెంపుపని చేయుటకు తెరచుకొని మూసుకొను చిన్నలోహపు మొన లుండెడివి. అవి అరగుచు మసిబారుచు నుండెడివి. ఇప్పుడు ఆ పని ట్రాన్సిస్టరు చేయుచున్నది. అది కాయిలుతో కలిసి నల్లని ముద్దలో పోతపోయబడి యుండును. చెడినచో బాగుచేయుటకు వీలులేదు, కొత్తది కొనవలసినదే. అందుచేతనే అది నేరము మోపుటకు సులభమైన వస్తువు.

త్రాడున్న మూతను నాలుగు మరలు విప్పి తీసితిమి. లోపల తడిసిన రంపపుపొట్టు పిట్టగూడు వలె నిండియుండునని యెంచితిమి గాని అంత లేదు. చూచుటకు శుభ్రముగనే యుండెను. ఆ శుభ్రతను మేము గమనించి ప్రశ్నింపవలసినది. ప్రశ్నింపలేదు. అయస్కాంతములమీదను, కాయిలు కాళ్ళమీదను సన్నని త్రుప్పుపొర యున్నది, ఉప్పుకాగితముతో రుద్దితిమి. చక్రమునకు కాయిలునకు నడుమ సందు మిల్లీమీటరులో మూడవవంతు కంటె మించరాదు. అది కొలుచుటకు మావద్ద సాధన మేదియు లేదు. మాలో పెద్దది పెట్టెలోనుండి ఒక పెండ్లి శుభలేఖ తెచ్చినది. కాయిలు మరలు వదులుచేసి, శుభలేఖ అట్టను నడుమ నుంచగా, అయస్కాంతము తానే కాయిలును దగ్గరకు లాగుకొన్నది. అట్లే బిగించి అట్టను తీసివేసితిమి. వధూవరుల పేర్లున్న మూలకు కొంచెము మసి యంటినది. మూత బిగించి మరల దుప్పటి క్రిందికి చేరితిమి. త్రాడు లాగితిమి.

రవ్వ లేదు.

ప్రొద్దు రెండు గంటలైనది. చివరియింటి తల్లి మరల వచ్చి గడపవద్ద నిలుచున్నది. ఈమారు ఏమియు అడుగలేదు. మా చేతుల నల్లదనము చూచి, కొంగుతో కన్ను లొత్తుకొని పోయినది. మాలో పెద్దది స్క్రూడ్రైవరు క్రింద పడవేసి, “మనకెందుకీ తెలివి?” అనినది. అది నిజముగా అలసట మాట.

అప్పుడు మాలో చిన్నది అడిగిన ప్రశ్నను పూర్తిగా వ్రాయవలెను. ఆమె పుట్టింటివారిది బెల్లపు గానుగ. చిన్ననాట చెరకు ఆడించు డీజిలు ఇంజనునకు నీళ్ళు పోసిన పిల్ల. “మా నాన్నగారి ఇంజనులో ప్లగ్గే లేదక్కా. డీజిలునకు లోపలి ఒత్తిడివేడియే నిప్పు. దానిని ఆపవలెనన్న చమురు రాకుండ ఆపవలెను. మరి దీనిని ఆపు మీట చమురువద్ద లేదు గదా. అది నొక్కిన ఏమి ఆగును?”

మాలో పెద్దది నోరు తెరచి, మూసి, ఆలోచనలో పడినది. మోపెడు తాళము మూసిన ఏమగునో ఆమెకు తెలియును. ఒకసారి ఆ తీగ తెగిపోయి, తాళము మూసినను మోపెడు ఆగక అంగన్‌వాడీ పిల్లలను నవ్వించినది. ఇంటిదీపపు స్విచ్చి వేసిన తీగలు కలియును, దీపము వెలుగును. తీసిన విడిపోవును, ఆరును. ఈ యంత్రములలో వ్యవహారము తలక్రిందులు. ఆపు స్విచ్చి నొక్కినపుడు కాయిలునుండి వచ్చిన సన్నతీగ ఒకటి యంత్రపు లోహమునకు కలియును. కలియగనే ఆ లావుతీగ విద్యుత్తునకు అడ్డదారి దొరకి, తెగవలసినప్పుడు తెగదు; ప్లగ్గువద్ద రవ్వ పుట్టదు; యంత్ర మాగును. తీగ విడిగా నున్నంతసేపే యంత్రము నడచును. ఆ తీగ తెగిపోయినను రవ్వ పోదు. ఎచ్చటనైన తోలు ఊడి ఇనుమునకు తగిలినచో మాత్రము ఎవరును నొక్కకయే స్విచ్చి ఎల్లప్పుడు నొక్కియుంచినట్లే.

మరల నాలుగు మరలు. కాయిలువద్ద ఆ ఆపుతీగ కొనను ఊడదీసి, దేనికిని తగులకుండ ప్రక్కకు మడచి, మూత బిగించితిమి. చిన్నది త్రాడు లాగినది. దుప్పటి చీకటిలో టిక్కుమని నీలిరవ్వ. మరల లాగినది. మరల రవ్వ. మేము చేసిన కేక విని అత్తగారు, ఎవరికో చేయి తెగినదనుకొని, పసుపుడబ్బాతో పరుగెత్తి వచ్చిరి.

తీగను వ్రేళ్ళతో తడుముచు పోగా, మూత అంచు ఆనుచోట గింజయంత మేర నొక్కుకుపోయి, తోలు చిట్లి, రాగి మెరయుచుండెను. ఆ తీగ నడచుటకు ప్రత్యేకముగా ఒక గాడి యున్నది. తీగ గాడిలో లేదు, గట్టుమీద నుండెను. మూత బిగించిన ప్రతిసారియు దానిని ఇనుమునకేసి అదుముచుండెను. మూత తీయగనే విడుదల! అందుచేత విప్పి చూచినపుడు కంటికి ఏ దోషమును కనబడలేదు. త్రాడు మూతలోనే యుండుటచే మూత బిగింపక పరీక్ష చేయుటకును వీలులేదు. దొంగ పట్టుబడకుండుట కింతకంటె ఏర్పా టేమి కావలెను?

చిన్నవారిని పిలిచి చూపితిమి. ఆయన కొంతసేపు చూచి, గొడ్డలి క్రింద పెట్టి, పెద్దదానితో మెల్లగా, “రాత్రి లాంతరు ఎలుతుర్లో నేనే మూత ఇప్పి పొట్టు తుడిసేనొదినా. పొద్దున్న బాగానే నడిసింది గదా అని...” అనిరి. ఆ లోపలి శుభ్రత ఎక్కడిదో అప్పుడు తెలిసినది. తీగ రాత్రియే నలిగినది. పావుగంట అదురునకు తోలు పూర్తిగా చిట్లినది. ఉదయమే మేము, “చెడుటకు ముందు దీనిని ఎవరైన విప్పిరా?” అని ఒక్క మాట అడిగియుండిన శుభలేఖయు, పప్పును పాడుకాకుండెడివి. కాని ఆ మాట అడిగినచో నేరము మోపినట్లుండునని, అడిగిన చెప్పవలసివచ్చునని, ఇంట్లో ఇరుపక్షములును ఊరకుందుము. చిన్నదానికి మాత్రము ఆ రాత్రి ఆయనతో చెప్పుకొనుటకు కావలసినంత దొరకినది.

చిట్లినచోట నల్లటేపు చుట్టి, తీగను గాడిలో అణచి, కొనను కాయిలునకు మరల తగిలించితిమి. తీగ ఊడదీసియే నడుపుదమని చిన్నవారు తొందరపడిరి. మేము ఒప్పుకొనలేదు. ఆపుటకు వీలులేని రంపమును మనిషి చేతికిచ్చుట ఎట్లు? ఇంజనులో నిండిన పెట్రోలు పోవుటకు ప్లగ్గు లేకుండ పలుమార్లు త్రాడు లాగి, తుడిచిన ప్లగ్గు బిగించి, చోకు తెరచి లాగగా నాలుగవ లాగుడునకు యంత్రము బుర్రుమని లేచినది. వెంటనే ఆపు మీట నొక్కి చూచితిమి, ఆగినది. మరల లేపి అప్పుడు చెట్టువద్దకు పంపితిమి.

మరొక చిక్కు వచ్చినది. పెట్రోలు చాలదు. బంకులలో కరెంటు లేదు. రంపమునకు ఉత్త పెట్రోలు పనికిరాదు, నూనె కలిపినదే పోయవలెను. మోపెడు టాంకులో నున్నది అట్టిదే గదా! దానిని సీసాలోనికి దింపి, మోపెడుకంటె రంపమునకు కొంచె మెక్కువ నూనె కావలయును గనుక అదియు చేర్చి యిచ్చితిమి. ఆ తరువాత వారము దినములు మాలో పెద్దది మూడూళ్ళును కాలినడకనే తిరిగినది.

చింతమ్రాను రంపమునకును లొంగునది కాదు. రెండుసార్లు గొలుసు పండ్లకు ఆకురాయి పెట్టవలసివచ్చెను. పడిన చెట్టులో వంగియున్న కొమ్మలు విల్లువలె బిగిసియుండి, తెగగనే మనిషిమీదికి ఎగయును. అందుచేత చిన్నవారు ఆత్రపడక ఒక్కొక్కటిగా దింపిరి. దీపములు పెట్టువేళకు ఆటో పట్టునంత దారి తెరచుకొన్నది. ఎఱ్ఱని రంపపుపొట్టు సందంతయు కుంకుమ పోసినట్లుండెను. బుధవారము తెల్లవారుజామున ఆ అమ్మాయి తల్లి చేయి పట్టుకొని ఆ పొట్టుమీదుగా నడచి ఆటో ఎక్కి, ఆసుపత్రికి దగ్గరనున్న మేనత్తగారింటికి పోయినది. శనివారము ఆపరేషను చేసి ఆడుబిడ్డను తీసిరి. దీపావళికి ఇంకను అయిదు దినము లుండెను.

తరువాత కొన్నాళ్ళకు గొలుసురంపము పుట్టుక గూర్చి చదివి ఆశ్చర్యపడితిమి. పదునెనిమిదవ శతాబ్దాంతమున స్కాట్లండులో జాన్ ఎయిట్కెన్, జేమ్స్ జెఫ్రే అను వైద్యులిద్దరు చేతితో లాగు సన్నని గొలుసురంపమును వాడుకలోనికి తెచ్చిరట. దేనికి? బిడ్డ అడ్డుపడి కాన్పు కానపుడు తల్లి కటి యెముకల కీలును కోసి దారి చేయుటకు! కడుపు కోసి బిడ్డను తీయుట తల్లి ప్రాణములకు గండముగా నుండిన కాలమది. మత్తుమందు కూడ లేదు. మ్రాకులు కోయు పెట్రోలు రంపములు 1920లలో జర్మనీలో వచ్చినవి. ఇది చదివి వినిపింపగా అత్తగారు చాలసేపు మాటాడలేదు. ఆమె కన్నవి ఏడు కాన్పులు. ముగ్గురము మాత్రమే మిగిలితిమని మా ఆడపడుచు చెప్పుచుండును.

ఆ చింతమ్రాను ముక్క యొకటి ఇప్పటికిని మా వంటయింట కొబ్బరికాయ కొట్టు మొద్దుగా నున్నది. ఆ పాప బడికి పోవుచున్నది. నల్లటేపు చుట్టిన తీగ ఇంతవరకు మరల పేచీ పెట్టలేదు, కాయిలు కొన్ననాటిదే.

ఇక మా ఆడపడుచు సంగతి. ఈ కథ విని ఆమె ధైర్యముతో చోడవరము పోయి, ఆపుతీగను ఊడదీసి చూచినదట. రవ్వ రాలేదు. “మీ మాట నమ్మి చెడితిని,” అని ఫోనులో మొరపెట్టినది. ప్లగ్గుమీది రబ్బరు టోపీని చూచితివా యని అడిగితిమి. చూడలేదట. దానిలోపల ప్లగ్గు తలను పట్టుకొను చిన్న స్ప్రింగు త్రుప్పుపట్టి వైరునుండి ఊడియున్నదని మరునాడు సాయంకాలము మరల ఫోను చేసినది. వైరు కొన కొంచెము కోసి, పినిసువంటి ఆ స్ప్రింగు కొత్తది గ్రుచ్చగా రంపము లేచినదట. ఎంత అయినదని అత్తగారు అడిగిరి. ముప్పది రూపాయలట.

“మరి కాయిలుకని దాసిన డబ్బులేటి సేసేవే?” అని అత్తగారు ఫోను లాగుకొని మొదలుపెట్టిరి. వారి సంభాషణ ఇంకను సాగుచున్నది.